గేటు లేని కంచె

"అమ్మా, తలుపు తియ్యి! పొద్దున్నుంచి ఏమీ తినలేదు నువ్వు. ముందు తలుపు తియ్యి, తర్వాత తిట్టు, కొట్టు, నీ ఇష్టం."

పెద్దకొడుకు అరచేతులతో తలుపు బాదుతున్నాడు. అతను వడ్రంగి. ఆ తలుపు అతని చేతి పనే. ఒకప్పుడు మురిసిపోతూ బిగించిన ఆ గడియ ఎంత గట్టిదో ఈరోజు అతనికే తెలిసొస్తోంది.

లోపల ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అతని భార్య వరండా మెట్ల దగ్గర నిలబడి ఉంది. నెత్తిన పసుపు హెల్మెట్టు, చేతిలో వాకీటాకీ. మొగుడు తలుపు బాదుతుంటే ఆమె తలెత్తి ఆకాశం వైపు చూస్తోంది. ఆ చూపు అతని కంట పడనే పడింది.

"ఇక్కడ మా అమ్మ ఏమైపోయిందో తెలియక నేను చస్తుంటే, నువ్వు మబ్బులు చూస్తున్నావా?"

"మబ్బులు కాదు. గాలి."

"ఆ గాలి లెక్కలు కాసేపు పక్కన పెట్టు. ఈ గుమ్మంలో నువ్వు ఇంజనీరువా, ఈ ఇంటి కోడలివా? ముందు అది తేల్చుకో."

 అది తేల్చుకోగలిగితే ఈ ఏడాదంతా ఆమెకి కంటినిండా నిద్ర పట్టేదే.

ఇంటి ముందు నిమ్మతోట. అందులో సగం ఇప్పుడు తోట కాదు, ఎర్రమట్టి దిబ్బ. దిబ్బ దిగితే పెద్ద రోడ్డు, రోడ్డుకి అవతల అడవి. ఇంటి వెనక ఉన్నదీ అడవే. ఒకప్పుడు రెండూ ఒకటే. రోడ్డు వెడల్పు చేసిన దగ్గర్నుంచి అటువి ఇటు రాలేవు, ఇటువి అటు పోలేవు. తెగించి దాటబోయినవి లారీల కింద పడేవి. ఇంటి వెనక మిగిలిన ఎలుగుబంట్లు ముసలివైపోయాయి. వాటి వెంట పిల్లలు కనబడి ఎంత కాలమైందో ఎవరికీ గుర్తు కూడా లేదు.

ఆ రెండు ముక్కల్నీ కలపడానికే ఈ వంతెన. పైన మట్టి పోసి, పొదలు పెంచి, కింద బండ్లు పోతున్న సంగతే తెలియకుండా జంతువుల్ని దాటించే వంతెన. దాని బొమ్మ గీసింది కోడలు. దాని కాలు మోపడానికి సగం తోట ఇచ్చింది అత్తయ్య.

వంతెనని మోసే ఇనప దూలాలు, అంటే గర్డర్లు, పోయిన ఆదివారం సగం ఎక్కించారు. మిగతా సగం ఈరోజు ఎక్కాలి. అందుకోసం పొద్దున్నుంచి సాయంత్రం దాకా రోడ్డు మూసేశారు. ఇదే ఆఖరిసారి, మళ్ళీ మూసేది లేదని రోడ్డు ఆఫీసు వాళ్ళు ముందే తెగేసి చెప్పారు. ఈరోజు తప్పితే క్రేను ఇంకో చోటికి వెళ్ళిపోతుంది. వంతెన సగంలో మొండిగా మిగిలిపోతుంది.

క్రేను చెయ్యి ఈ ఇంటి మీదుగానే తిరగాలి. ఇంట్లో మనిషి ఉండగా తిప్పడానికి వీల్లేదు. పొద్దున అందరూ ఇల్లు ఖాళీ చేసి బయటికి వస్తుంటే, "మాత్ర మర్చిపోయాను" అంటూ అత్తయ్య వెనక్కి వెళ్ళింది. వెళ్ళి గడియ పెట్టుకుంది.

వాకీటాకీ గరగరలాడింది.

"అక్కా, నేను పిచ్చుకని. ఇక్కడ కూర్చుని కూర్చుని గుడ్లు పెట్టేట్టున్నాను. ఎప్పుడు మొదలెడదాం?"

అంత పెద్ద క్రేనునీ నడిపేది పిడికెడంత ఆడమనిషి. పొద్దస్తమానం పైనే ఉంటుందని సైటులో అందరూ ఆమెని పిచ్చుక అంటారు.

"కాసేపు ఆగు."

"నేను ఆగుతానక్కా, గాలే ఆగదు. మధ్యాహ్నం దాటితే పెరుగుతుందంటున్నారు. జెండా ఇప్పుడే కదులుతోంది."

ఈలోగా పెద్దసారు దిబ్బ ఎక్కి వచ్చాడు. సైటు మొత్తానికి ఆయనే పెద్ద. చెడ్డవాడేం కాదు గానీ తొందర మనిషి. అన్నం తింటూ కూడా గడియారం వైపే చూస్తాడు.

"ఏమ్మా, మీ ఇంటి గొడవ ఇంకా తెమల్లేదా? కిందంతా కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. స్థలం ఇచ్చింది ఆవిడే కదా? మధ్యలో ఈ మొండితనమేంటి?"

"అదే అర్థం కావడం లేదు సార్."

"అర్థం చేసుకునేంత తీరిక మనకి లేదు. ఇద్దర్ని పంపిస్తాను, తలుపు పగలగొట్టేస్తారు."

పెద్దకొడుకు గిర్రున వెనక్కి తిరిగాడు. "ఆ తలుపు మీద ఇంకొకడి చెయ్యి పడితే చూడండి మరి!"

పెద్దసారు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయన చూపు మాత్రం కోడలి మీదే ఉంది. ఏదో ఒకటి నువ్వే చెయ్యి అన్నట్టు.

నిజంగానే ఇందులో అర్థంకానిది అదొక్కటే. రెండేళ్ళ కిందట, చీకటి పడే వేళ, చిన్నోడి మోటారుసైకిలుకి ఎలుగుబంటి అడ్డం వచ్చింది. చిన్నోడూ, ఆ ఎలుగూ ఇద్దరూ ఆ రోడ్డు అంచునే పోయారు. పెద్దకొడుక్కి తమ్ముడు, కోడలికి మరిది, అందరికన్నా చిన్నవాడు. ఆ తర్వాత వంతెన మాట వచ్చినప్పుడు ఇంట్లో అందరూ భయపడ్డారు, ఆ జంతువుల పేరెత్తితే అత్తయ్య అగ్గిమీద గుగ్గిలం అవుతుందని. ఆవిడ మాత్రం, "ఇంకెవరూ పోకూడదు. ఎలుగైనా సరే" అంది. తనే తోటలోకి నడిచి వెళ్ళి, ఏ చెట్టు దాకా తీసుకోవాలో చూపించింది.

అలాంటి మనిషి ఈరోజు గడియ పెట్టుకుంది.

కోడలు ఇల్లు చుట్టి పెరటివైపు వెళ్ళింది. వంటింటి కిటికీ తెరిచే ఉంది. లోపల అత్తయ్య ముక్కాలిపీట మీద, గోడవైపు తిరిగి కూర్చుని ఉంది.

"అత్తయ్యా."

"లోపలికి రావద్దు."

"రమ్మన్నా రాలేను. ఊచలున్నాయి."

అత్తయ్య భుజం కొంచెం కదిలింది. ఇంకో రోజైతే నవ్వేది.

"పోయిన వారం దాకా బాగానే ఉన్నారు కదా. నేనేమైనా అన్నానా?"

"నువ్వు అనలేదు. కట్టావు."

"ఏం కట్టాను?"

"కంచె."

కోడలికి అర్థం కాలేదు. వంతెనకి అటూ ఇటూ, రోడ్డు పొడుగునా, మనిషికన్నా ఎత్తుగా ఇనప కంచె వేస్తున్నారు. అది లేకపోతే జంతువులు వంతెన వైపు రావు, అలవాటు కొద్దీ రోడ్డు మీదికే దిగుతాయి. ఆ సంగతి అత్తయ్యకి ఆమె భోజనాల బల్ల మీద పళ్ళేలు పేర్చి మరీ చెప్పింది.

"కంచె ఉంటుందని మీకు చెప్పాను కదా?"

"చెప్పావు. తోట చివర సందు కూడా మూసేస్తారని చెప్పలేదు. నిన్న మూసేశారు."

"ఆ సందుతో మనకేం పని?"

అత్తయ్య మెల్లిగా ఇటు తిరిగింది. కళ్ళు ఏడ్చినట్టు లేవు. ఏడుపు కూడా అయిపోయినట్టున్నాయి.

"మోకాళ్ళ నొప్పులకి నడవమని డాక్టరు చెప్పాడని రోజూ సాయంత్రం వెళ్తాను. ఎక్కడికి వెళ్తున్నాననుకున్నావు?"

"నడకకి..."

"నడకే. వాడి దాకా నడక."

కోడలు రెండు చేతులతో కిటికీ ఊచలు పట్టుకుంది.

"వాడి బండి తగిలి వంగిపోయిన ఆ రెయిలింగు మీద కూర్చుంటాను. బండ్లు పోతుంటాయి. వాడికి చెప్పాల్సినవి చెప్పుకుంటాను. మీ అన్న మళ్ళీ వేలు కోసుకున్నాడనీ, మీ వదిన నా మాట వినకుండా ఎండలో తిరుగుతోందనీ. ఎవరికీ చెప్పలేదు. చెప్తే వద్దంటారు. రోడ్డు పక్కన, పెద్దదానివి, అంటారు."

ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే బల్ల మీద తింటూ, రోజూ చెప్పుల చప్పుడు వింటూ కూడా తనకి ఈ సంగతి తెలియలేదు. ఆ కంచె గీత గీసింది తన చెయ్యే. కాగితం మీద ఆ గీత ఎంత చక్కగా, తిన్నగా వచ్చిందో ఆమెకి ఇప్పుడు గుర్తొచ్చింది.

"వంతెన కట్టుకో. నేను అడ్డం రాను" అంది అత్తయ్య. "ఆ కంచెలో నాకొక గేటు పెట్టించు. పెద్దది వద్దు. నేను వంగి దూరేంత చాలు. అంతకన్నా ఏమీ అడగను."

"పెట్టిస్తాం అమ్మా!"

వెనక నుంచి పెద్దకొడుకు గొంతు. ఎప్పుడొచ్చాడో, అంతా విన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. "అదెంత పని? నేనే నా చేత్తో చేసి బిగిస్తాను. నువ్వు బయటికి రా."

కోడలు నోరు తెరవబోయింది. అతను ఆమె మణికట్టు పట్టుకుని పక్కకి లాగాడు.

"ఒక్క మాట మాట్లాడకు."

"అక్కడ గేటు పెట్టకూడదు. అది వంతెన మొదలు."

"తెలుసు. ఇప్పటికి సరే అనెయ్. రేపటి సంగతి రేపు."

"రేపు ఏం చెప్తావు?"

"ఏదో ఒకటి చెప్తా. రేపటికి నీ వంతెన ఉంటుందిగా. నీక్కావలసింది అదేగా."

ఆ మాట చురుక్కున తగిలింది. అయినా, నిజం చెప్పాలంటే, అతను ఆడిన అబద్ధం ఆమెకి ఆ క్షణాన దాహానికి నీళ్ళు దొరికినట్టే అనిపించింది. క్రేను, గాలి, కింద ఎదురుచూస్తున్న మనుషులు. నోరు మూసుకుంటే చాలు, అన్నీ కదులుతాయి.

ముందువైపు గడియ తీసిన చప్పుడైంది.

అత్తయ్య చెప్పులేసుకుని వరండాలోకి వచ్చింది. పెద్దసారు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "పదండి పదండి, ఎవరి చోటికి వాళ్ళు!" క్రేను ఇంజను గుర్రుమంది. పెద్దకొడుకు తల్లి భుజం చుట్టూ చెయ్యి వేసి నడిపించబోయాడు.

అత్తయ్య కదల్లేదు. కోడలి వైపే చూస్తోంది.

"వాడు అన్నాడు. నువ్వు అనలేదు. గేటు ఎక్కడ పెడుతున్నావమ్మాయ్?"

"అమ్మా, చెప్పాను కదా..."

"నిన్ను కాదు."

కోడలు మొగుడి ముఖం చూసింది. అతని కళ్ళు బతిమాలుతున్నాయి. పెద్దసారు ముఖం చూసింది. ఆయన తల గట్టిగా ఊపుతున్నాడు, అవునని చెప్పు, చెప్పేసెయ్ అని.

"పెట్టను అత్తయ్యా."

మాట బయటికి వచ్చాక తన గొంతేనా అనిపించింది ఆమెకి.

"జంతువులన్నీ కంచె వెంటే నడిచి ఆ చోటికే వస్తాయి. అక్కడ గేటుంటే ఏదో ఒకరోజు అది తెరిచి ఉంటుంది. గేటు మూసే ఉన్నా, రోజూ మనిషి వాసన తగిలితే ఎలుగు ఆ వంతెన ఎక్కదు. వెనక్కి తిరిగి కంచె చివరి దాకా వెళ్ళి, అక్కడ రోడ్డు మీదికి దిగుతుంది. అక్కడ ఇంకెవరో బండి మీద వస్తుంటారు."

"నీకసలు మనసనేది ఉందా?" అన్నాడు మొగుడు. "ఒక్క మాట. ఒక్కటంటే ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది?"

 అత్తయ్య భుజం మీంచి కొడుకు చెయ్యి తీసేసి దిబ్బ వైపు నడిచింది. పనివాళ్ళు పక్కకి జరిగి దారి ఇచ్చారు. దిబ్బ దిగి, కంచె ఇంకా పూర్తికాని చోటు నుంచి రోడ్డు మీదికి వెళ్ళింది. వంగిపోయిన రెయిలింగు పక్కన, తారు మీద, కాళ్ళు చాపుకుని కూర్చుంది.

సరిగ్గా గర్డర్లు ఎక్కాల్సిన చోటు అది. జంతువులు దాటే చోటే చిన్నోడు పోయాడు. జంతువులు దాటే చోటే వంతెన కడుతున్నారు.

కోడలు వెళ్ళి ఎదురుగా నిలబడింది. పోయిన ఆదివారం పని హోరులో ఆమె ఈ రోడ్డుని ఇలా చూసిందే లేదు. అటు చూస్తే చివర అడ్డం పెట్టిన దిమ్మలు, ఇటు చూస్తే చివర అడ్డం పెట్టిన దిమ్మలు. మధ్యలో ఒక్క బండి లేదు. అడవిలోంచి ఏదో పిట్ట కూత వినిపించింది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఉండగా ఎప్పుడూ వినపడని కూత.

"ఇంత ప్రశాంతంగా ఉంటుందా ఇక్కడ?" అంది అత్తయ్య. "ఆరోజు కూడా ఇలాగే మూసేసి ఉంటే..."

 కోడలు పక్కనే కూర్చుంది.

"ఎందుకు అబద్ధం చెప్పలేదు నువ్వు?"

"చెప్దామనుకున్నాను అత్తయ్యా. నోటిదాకా వచ్చింది."

"చెప్పాల్సింది. నేను నమ్మేదాన్ని."

"అందుకే చెప్పలేకపోయాను."

అత్తయ్య చాలాసేపు తారు మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. ఎండకి తారు కాలుతోంది. ఆవిడకి తెలుస్తున్నట్టు లేదు.

వాకీటాకీ మళ్ళీ గరగరలాడింది. "అక్కా, గాలి ఒక మెట్టు ఎక్కింది. ఇంకా ఫరవాలేదు. కానీ ఎక్కువసేపు ఫరవాలేదనలేను."

"గేటు వద్దు" అంది అత్తయ్య ఉన్నట్టుండి. "ఈ ముక్క నాకు కోసిచ్చెయ్."

"ఏ ముక్క?"

"ఇదే. నా చెయ్యి ఉన్న చోటు. వాడి తల ఇక్కడే ఉంది ఆరోజు. నా ఒళ్ళోకి తీసుకునే దాకా ఇక్కడే ఉంది. ఈ తారు ముక్క కోసి తోటలో పెట్టు. నేను అక్కడ కూర్చుంటాను. ఇక ఈ రోడ్డు వైపు రాను. నీ కంచె మీద చెయ్యి కూడా వెయ్యను."

కోడలు ఆ చేతిని చూసింది. ముడతలు పడిన చెయ్యి, దాని కింద దిండంత తారు. అంతే.

పెద్దసారు పరుగులాంటి నడకతో వచ్చి విన్నాడు. "ఏంటీ? రోడ్డు కోయడమా? మతులున్నాయా మీకు? రోడ్డు మనది కాదమ్మా! వాళ్ళు మూయడానికి ఒప్పుకున్నారు గానీ కోయడానికి కాదు. దీన్ని ముట్టుకున్న మనిషి రేపట్నుంచి ఈ సైటులో ఉండదు, అర్థమైందా?"

అర్థమైంది. తను వెళ్ళిపోతే ఏమవుతుందో కూడా ఆమెకి తెలుసు. మట్టి మందం తగ్గిస్తారు, పొదలు తర్వాత చూద్దామంటారు, కంచె సగంలో ఆపేస్తారు. చూడ్డానికి వంతెన ఉంటుంది. దాని మీద కాలు పెట్టే జంతువే ఉండదు.

పునాది పనికి తెచ్చిన తారు కోసే మిషను దిబ్బ పక్కనే ఉంది. కోడలు లేచి దాని వైపు నడిచింది. ఏం చేయబోతోందో ఆమెకే సరిగ్గా తెలియదు. పిడి మీద చెయ్యి వెయ్యబోతుంటే ఇంకో చెయ్యి అడ్డం వచ్చింది.

"నువ్వు ముట్టుకోకు" అన్నాడు మొగుడు.

"జరుగు."

"ముట్టుకోకు అంటున్నానా! ఇది నీ చేత్తో జరిగిందని ఎవడూ అనకూడదు. నేను ఈ సైటు మనిషిని కాను. నాకు పోయే ఉద్యోగం లేదు. రంపం పట్టుకోవడం నీకన్నా నాకే బాగా వచ్చు."

అతను ఆమె ముఖంలోకి చూడలేదు. అలక తీరిన మాట కాదది. కోపంలోనే అన్నాడు, కోపంలోనే మిషను తోసుకుంటూ వెళ్ళాడు. తల్లి ముందు మోకరించి, ఆవిడ చెయ్యి ఎత్తి పక్కన పెట్టి, సుద్దముక్కతో చుట్టూ గీత గీశాడు.

పెద్దసారు కోడలి వైపు తిరిగాడు. "ఆపమను. నీ నోటితో నువ్వే ఆపమను."

ఆమె ఆకాశం వైపు చూసింది. క్రేను కొనన జెండా రెపరెపలాడుతోంది. ఈ ముక్క కోయడానికి ఎంతసేపు పడుతుంది, గాలి ఎంతసేపు ఆగుతుంది? రెండూ తూచి చూసింది. పట్టేటంత సమయం ఉందనే అనిపించింది. అలా అనిపించాలని కోరుకున్నందుకే అనిపించిందేమో మరి.

"ఆపమనను సార్."

మిషను గర్జించింది. తెల్లటి దుమ్ము లేచింది. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కానీ పక్కకి జరగలేదు. ఒకవైపు కోత సాఫీగా దిగింది. రెండో వైపు కూడా దిగింది. మూడో వైపు సగంలో బ్లేడు దేన్నో కొట్టుకుని కీచుమంది, ఆగిపోయింది.

"ఏమైంది?"

"కింద రాయి ఉంది. బ్లేడు పళ్ళు పోయాయి."

"ఇంకో బ్లేడు స్టోర్‌లో ఉంది" అన్నాడొక పనివాడు. చెప్పి ఊరుకోలేదు, పరిగెత్తాడు.

పెద్దసారు తల పట్టుకున్నాడు.  పెద్దకొడుకు అరచేతులతో దుమ్ము ఊడుస్తూ కూర్చున్నాడు. తమ్ముడు పోయిన రోజు కూడా అతను ఇక్కడే ఇలాగే మోకాళ్ళ మీద ఉన్నాడు. ఆ సంగతి కోడలికి తెలుసు. ఆ రోజు తర్వాత అతను ఈ రోడ్డు మీద కాలు పెట్టలేదు.

కొత్త బ్లేడు వచ్చింది. బిగించారు. కోత మళ్ళీ మొదలైంది. ఆఖరి వైపు దిగేసరికి అతని చొక్కా మొత్తం తడిసి వీపుకి అంటుకుపోయింది. గునపం దూర్చి లేపితే ముక్క కదిలింది. నలుగురు వంగి ఎత్తారు. ఎవరూ చెప్పకుండానే పనివాళ్ళు హెల్మెట్లు తీశారు. అత్తయ్య పక్కనే నడిచింది, దాని మీద చెయ్యి వేసి. దిబ్బ ఎక్కి, తోటలోకి తీసుకెళ్ళి, ఒక నిమ్మచెట్టు మొదట్లో మెల్లిగా దించారు.

ఇంకో ఇద్దరు ఆ గుంటలో వేడి తారు పోసి దిమ్మిసతో కొట్టేశారు. రోడ్డు ఖాళీ అయింది. ఇల్లు ఖాళీగా ఉంది. ఎవరి చోటికి వాళ్ళు చేరారు.

కోడలు వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుంది. "పిచ్చుకా, అంతా సిద్ధం. మొదటి గర్డరు ఎత్తు."

జవాబు రాలేదు.

"పిచ్చుకా?"

"అక్కా." గొంతులో వేళాకోళం లేదు. "గాలి మన హద్దు గీత దాటింది. ఇందాకే దాటింది. తగ్గుతుందేమోనని చూస్తున్నా. తగ్గడం లేదు."

ఆమె తలెత్తి చూసింది. జెండా ఇప్పుడు రెపరెపలాడటం లేదు. బిగదీసినట్టు ఒకేవైపు నిలబడి ఉంది.

"కొంచెమేగా దాటింది!" పెద్దసారు ఆమె చేతిలోంచి వాకీటాకీ లాక్కున్నంత పని చేశాడు. "ఎత్తించు. రోడ్డు కోయించినదానివి, ఈ మాత్రం గాలికి భయపడతావా? ఇది ఈరోజు ఎక్కకపోతే నా ఉద్యోగం, నీ ఉద్యోగం, అన్నీ గాల్లోనే. ఎత్తమని చెప్పు."

"నువ్వు ఎత్తమంటే ఎత్తుతానక్కా" అంది పిచ్చుక పైనుంచి. "నీ మాట మీద ఎత్తుతా."

ట్రెయిలరు మీద గర్డరు నిశ్శబ్దంగా పడుంది. దాన్ని ఎత్తితే తాళ్ళు పట్టుకుని కింద నిలబడాల్సిన మనుషులు ఆమె వైపే చూస్తున్నారు. వాళ్ళలో కొత్త బ్లేడు కోసం పరిగెత్తినవాడూ ఉన్నాడు. గాల్లో ఆ బరువు ఒక్కసారి ఊగితే తాడుతో ఆపగలిగే మనిషి పుట్టలేదు.

ఆపమనను అని ఆమె ఇందాక అన్న మాటే ఇంత దూరం తెచ్చింది. ఆ సమయంలో ఎత్తి ఉంటే ఒక్కటైనా ఎక్కేది.

"ఎత్తకు. కొక్కెం దించెయ్."

పెద్దసారు ఆమెని కాసేపు తేరిపార చూశాడు. తిట్టలేదు. అందుకే భయం వేసింది ఆమెకి. పక్కకి వెళ్ళి ఫోను తీసి, రోడ్డు ఆఫీసు వాళ్ళతో అలసిపోయిన గొంతుతో మాట్లాడాడు. "అవునండీ. అయిపోయింది. లేదు, ఎక్కలేదు. తెరిచేసుకోండి."

తోటలోంచి అత్తయ్య వచ్చింది. ముఖం ఆ పొద్దుటి ముఖం కాదు, ఎంతో తేటగా ఉంది. అందర్నీ మార్చి మార్చి చూసింది.

"ఏమైంది? ఎందుకు ఎత్తడం లేదు?"

 పెద్దకొడుకు తల దించుకుని చేతుల దుమ్ము దులుపుకుంటున్నాడు. అంటిన దుమ్ము ఎప్పుడో పోయింది.

"నిన్నే అడుగుతున్నా అమ్మాయ్."

"గాలి, అత్తయ్యా. ఎక్కువైంది. ఇక ఈరోజు కాదు."

"మరి రేపు?"

"రేపు రోడ్డు మూయరు. ఇక మూయరు."

అత్తయ్య నెమ్మదిగా తోట వైపు తిరిగి చూసింది. తర్వాత కొత్త తారు నల్లగా మెరుస్తున్న చోటు చూసింది. తర్వాత ట్రెయిలరు మీద గర్డర్లు చూసింది. ఆవిడ ముఖంలో ఆ తేటదనం కొద్దికొద్దిగా ఇంకిపోవడం కోడలు కళ్ళారా చూసింది. చూడలేక, "మనం ఆలస్యం చేశాం" అంది.

"మనం కాదు" అంది అత్తయ్య. "నేను."

"అమ్మా, అలా అనకు..."

"నువ్వుండు." కోడలి వైపే చూస్తోంది ఆవిడ. "రేపు పొద్దున్నే గాలి ఉంటుందా?"

"పొద్దున్నే ఉండదు. పొద్దెక్కాకే."

"అప్పటికి ఈ క్రేను ఉంటుందా?"

"రేపు మధ్యాహ్నం విప్పి తీసుకెళ్తారు."

"అయితే రోడ్డొక్కటే కదా కావాల్సింది."

 ఎవరి చెయ్యీ అందుకోకుండా ఆవిడ దిబ్బ దిగి, రోడ్డు మధ్యలోంచి, దిమ్మలు అడ్డం పెట్టిన చివరికి నడవడం మొదలుపెట్టింది. మోకాళ్ళు నొప్పెడుతున్నట్టు ప్రతి అడుగులోనూ తెలుస్తోంది. అక్కడ దిమ్మలు లాగేస్తున్నారు. వాటి వెనక లారీలు, బస్సులు, కార్లు వరసకట్టి ఉన్నాయి. మొదటి లారీ అప్పటికే ఇంజను వేసి ఉంది.

అత్తయ్య వెళ్ళి ఆ లారీ ఎదుట నిలబడింది.

హారను మోగింది. ఆవిడ కదల్లేదు. డ్రైవరు తల బయటికి పెట్టి ఏదో అరిచాడు. ఇంత దూరానికి మాటలు వినబడలేదు. ఆవిడ తలెత్తి అతనికేదో చెప్పింది, అదీ వినబడలేదు. డ్రైవరు మళ్ళీ అరవలేదు. కాసేపటికి అతని లారీ ఇంజను ఆగింది.

వెనక బండ్లు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి హారన్లు అందుకున్నాయి.

"మీ అత్తని పక్కకి తీసుకురా!" పెద్దసారు కేకేశాడు. "పోలీసుల్ని పిలవాల్సొస్తుంది! వినబడుతోందా నీకు?"

కోడలు ఆవిడ వైపు పరుగందుకుంది. దగ్గరికి చేరేసరికి ఊపిరి అందడం లేదు.

"రండి అత్తయ్యా. మీరొక్కరు ఎంతసేపు నిలబడతారు?"

"పొద్దుటిదాకా."

"వీల్లేదు. వీళ్ళు నిలబడనివ్వరు."

"అది నేను చూసుకుంటాను." ఆవిడ కళ్ళు లారీ మీంచి కదల్లేదు. "ఈ పక్క నేనున్నాను. ఆ పక్క ఎవరున్నారు?"

కోడలు వెనక్కి తిరిగి చూసింది. రోడ్డు రెండో చివర కూడా దిమ్మలు తీసేస్తున్నారు. అక్కడ అడ్డం ఎవరూ లేరు. మొదటి బండి మెల్లిగా ముందుకు కదులుతోంది. వంతెన కింద నిలబడ్డ మొగుడు ఆ బండినీ, ఇటు వీళ్ళిద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

అతను కదిలాడు. ఎటువైపు కదిలాడో ఆగి చూసే తీరిక ఆమెకి లేదు. హెల్మెట్టు తీసి అక్కడే వదిలేసి, ఆ రెండో చివరకి పరిగెత్తింది.